కాంక్రీటు గోడల గర్భపరీక్ష

కుండ కొనబోవు గృహిణి దానిని చేతబట్టి వ్రేలి కణుపుతో నొకమారు కొట్టి వినును. కంగుమని మ్రోగినచో కొనును. బొద్దుగా మ్రోగినచో ప్రక్కన బెట్టును. పగులగొట్టి చూచినగాని కుండ లోపము తెలియదనినచో ఆమె యేనాటికిని మంచి కుండను ఇంటికి దెచ్చుకొనజాలదు. పగిలినది మంచి కుండయే యని తేలినను అది మఱి నీటికి పనికిరాదు గదా! వస్తువును చెఱుపకుండ దాని గుణదోషములను ఎఱుంగు విద్యకు ఇదియే మూలము. ఇంజనీర్లు దీనిని నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ అందురు. మేమీ వ్యాసమున దీనిని ‘అభంగపరీక్ష’ యని పిలిచెదము.

కుండను చేత బట్టవచ్చును. ఒక మీటరు మందమున్న కాంక్రీటు గోడను ఎట్లు పట్టుకొందుము? ఆనకట్టల స్తంభములు, పెద్ద వంతెనల పునాదులు, అణువిద్యుత్కేంద్రములందు రియాక్టరును చుట్టియుండు కట్టడములు ఇట్టి దళసరి నిర్మాణములు. ఇవి పైకి నున్నగా, బూడిదవన్నెతో, ఏ కొఱతయు లేనట్లు నిలిచియుండును. కాని వీని లోపల నేమున్నదో కంటికి గానరాదు. లోపల చీలిక యున్నదో లేదో తెలిసికొనుట పండితుల వేడుక మాత్రమే కాదు. ఆ గోడ ప్రక్కను బ్రదుకువారి క్షేమము దానిమీద నాధారపడియున్నది. కావున విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఈ విషయమును తేటగా వివరింప బూనితిమి.

కాంక్రీటు స్వరూపము

సిమెంటు, ఇసుక, కంకర, నీరు కలిపినచో కాంక్రీటగును. సిమెంటు ఎండుటవలన గట్టిపడునని పలువురు తలంతురు. అది సరికాదు. సిమెంటు నీటితో రసాయనసంయోగము నొంది క్రొత్త పదార్థములుగా మాఱి గట్టిపడును. అందుచేతనే తాపీమేస్త్రి స్లాబు పోసిన మఱునాటినుండి దినదినము నీరు పట్టించును.

కాంక్రీటు నొక్కుటకు మిక్కిలి యోర్చును, లాగుటకు ఓర్వదు. దాని లాగుడుబలము నొక్కుడుబలములో ఇంచుమించు పదియవ వంతు మాత్రమే. ఈ కొఱత తీర్చుటకై అందులో ఇనుప కమ్ములు పెట్టుదురు. ఇనుమును కాంక్రీటును వేడికి దాదాపు సమానముగా వ్యాకోచించుట మన యదృష్టము. అట్లు కానిచో ఎండకును చలికిని ఆ రెండును ఒకదానినుండి యొకటి విడిపోవలసియుండెడిది. ఇంకొక మేలును గలదు. కాంక్రీటు క్షారగుణము గలది. ఆ క్షారము కమ్మిమీద పలుచని రక్షకపొరను ఏర్పఱచి తుప్పు పట్టనీయదు.

కాలక్రమమున గాలిలోని బొగ్గుపులుసుగాలి కాంక్రీటులోనికి మెల్లమెల్లగా చొచ్చి ఆ క్షారగుణమును హరించును. సముద్రతీరములందు ఉప్పు చొచ్చి రక్షకపొరను చెఱుపును. అపుడు కమ్మి త్రుప్పుపట్టును. తుప్పు తానాక్రమించిన యినుముకంటె రెండింతలకు పైగా చోటును గోరును. ఆ యొత్తిడికి కాంక్రీటు లోపలినుండి చీలి పెచ్చులూడును.

పోయునపుడే కలుగు దోషములు వేఱు. కమ్ములు దట్టముగా నున్నచోట కంకర చిక్కుకొని సిమెంటుపాలు క్రిందికి దిగక తేనెపట్టువంటి డొల్లలు మిగులును. దళసరి నిర్మాణములందు మఱియొక చిక్కు గలదు. సిమెంటు గట్టిపడునపుడు వేడి పుట్టును. పలుచని స్లాబునుండి ఆ వేడి త్వరగా వెలికిబోవును. మందపు గోడ నడుమ నది చిక్కుకొనిపోవును. లోపల వేడిగాను వెలుపల చల్లగాను ఉండుటచే పగుళ్లు పుట్టును. ఈ కారణముననే అమెరికాలో 1930వ దశకమున హూవర్ ఆనకట్టను గట్టినవారు కాంక్రీటులో గొట్టములు పఱపి వానియందు చల్లని నీరు ప్రవహింపజేసిరి.

మందము తెచ్చు చిక్కులు

ఉక్కు ముక్కలోని లోపమును శ్రవణాతీతధ్వనితో కనుగొనుట సులభము. వైద్యుడు అట్టి ధ్వనితోనే గర్భస్థశిశువును జూచుచున్నాడు. అదే యంత్రమును కాంక్రీటునకు తగిలింపరాదా యని విద్యార్థి యడుగవచ్చును. దాని కుత్తరమిది.

వైద్యుని యంత్రము సెకనుకు కొన్ని పదిలక్షల కంపనములు గల ధ్వనిని వాడును. సెకనుకు 20 లక్షల కంపనములు గల ధ్వని కాంక్రీటులో సుమారు 4000 మీటర్ల వేగముతో పోయిన యెడల దాని తరంగదైర్ఘ్యము 2 మిల్లీమీటర్లు. కంకరరాళ్లో, 20 మిల్లీమీటర్ల వరకు నుండును. చిన్న అల రాళ్లగుట్టలో పడినచో ప్రతి రాతికిని దాకి చెల్లాచెదరై పోవునట్లు ఆ ధ్వని కొంచెము దూరములోనే నశించును. కావున కాంక్రీటునకు సెకనుకు 50 వేల కంపనముల ప్రాంతపు ధ్వనిని వాడుదురు. సాధారణముగా వాడు 54 వేల కంపనములకు తరంగదైర్ఘ్యము 7 సెంటీమీటర్లకు కొంచెము పైన. అది రాళ్లను లెక్కచేయక ముందునకు సాగును. అయితే దానివలన నొక నష్టము గలదు. పొడవైన అల చిన్న లోపమును గుర్తింపజాలదు. దూరము పోవలెనన్న సూక్ష్మత తగ్గును. సూక్ష్మత కావలెనన్న దూరము తగ్గును. ఈ శాస్త్రమంతయు ఈ బేరముమీదనే నడచుచున్నది.

ఇంకను రెండు చిక్కులు గలవు. పెక్కు దళసరి గోడలకు ఒక్క ప్రక్కనుండియే చేరవీలగును. రెండవ ప్రక్కన నీరో, మట్టియో, ఉక్కురేకో యుండును. మఱియు అట్టి గోడలలో కమ్ములు దట్టముగా నుండి, లోపలిది చూడనీయక తెరవలె అడ్డుపడును.

సుత్తిపరీక్షలు

అన్నిటికంటె పాతది సుత్తితో కొట్టి వినుట. వెలుపలి పొర విడిపోయినచోట డప్పువలె డొల్లగా మ్రోగును. వంతెనల మీద పెక్కు తావులలో బరువైన గొలుసు నీడ్చియు వినుచుందురు. ఇది పైపొరల దోషములకు చక్కగా పనికివచ్చును, లోతునకు పనికిరాదు.

ఎర్నెస్ట్ ష్మిట్ అను స్విట్జర్లండు ఇంజనీరు 1948 ప్రాంతమున నొక సుత్తిని కల్పించెను. అందులో స్ప్రింగుతో విడువబడిన దిమ్మ కాంక్రీటుకు తగిలి వెనుకకు తుళ్లును. ఎంత గట్టి తలమో అంత ఎక్కువ తుళ్లును. దీనితో పది నిమిషములలో గోడయందు పలుచోట్ల పరీక్షింపవచ్చును. కాని యిది తెలుపునది ఉపరితలమునుండి సుమారు 3 సెంటీమీటర్ల లోతువఱకు మాత్రమే. పైగా బొగ్గుపులుసుగాలి సోకిన పాత కాంక్రీటుకు పైచర్మము గట్టిపడుటచే సుత్తి అధికముగా పొగడును. మీటరు మందపు గోడను దీనితోనే పరీక్షించి సంతృప్తి చెందువాడు, పుస్తకమునకు అట్ట మాత్రమే చదివినవానితో సమానుడు.

ధ్వని ప్రయాణకాలము

1940వ దశకమున కెనడాలోని ఒంటారియో జలవిద్యుత్ సంస్థయందు లెస్లీ, చీజ్‌మన్ అను ఇద్దరు ఆనకట్టల పగుళ్లను పరీక్షించుటకై ‘సోనిస్కోపు’ అను యంత్రమును నిర్మించిరి. ఇంచుమించు అదే కాలమున ఇంగ్లండులో జోన్స్ అను శాస్త్రజ్ఞుడు రహదారి పరిశోధనాలయమున ఇట్టి పనినే సాగించెను. వీరి పద్ధతి మిక్కిలి సరళము. గోడకు ఒక ప్రక్క ధ్వనిని బుట్టించుదురు. రెండవ ప్రక్క దానిని అందుకొందురు. నడుమ పట్టిన కాలమును కొలుతురు.

ఉదాహరణమునకు గోడ మందము 1.2 మీటర్లనుకొనుడు. ధ్వని చేరుటకు సెకనులో పదిలక్షవ వంతులు 300 పట్టెను. అపుడు వేగము సెకనుకు 4000 మీటర్లు. ప్రక్కనే మఱియొకచోట 400 వంతులు పట్టెను. వేగము 3000 మీటర్లకు తగ్గెను. ధ్వనియే మందగించెనని వెంటనే భావింపరాదు. నడుమ చీలికయో డొల్లయో యుండగా ధ్వని దానిని చుట్టి దూరపుదారిని వచ్చినది. లేదా అచ్చటి కాంక్రీటే బలహీనముగా నున్నది. మన దేశమున 1992లో ప్రకటింపబడిన ప్రమాణము సెకనుకు 4500 మీటర్లకు మించినదానిని శ్రేష్ఠమనియు, 3500 మొదలు 4500 వఱకు మంచిదనియు, 3000 మొదలు 3500 వఱకు మధ్యమమనియు, అంతకు దిగువది సందేహాస్పదమనియు విభజించెను. 2018లో దాని స్థానమున సవరించిన ప్రమాణము వచ్చినది. అయినను మూలసూత్రము మాఱలేదు.

ఇక్కడ నొక జాగ్రత్త యవసరము. ఉక్కులో ధ్వని కాంక్రీటుకంటె వేగముగా పోవును. పరీక్షించువాడు కమ్మి వెంబడి యంత్రము నుంచినచో ధ్వని ఆ కమ్మిమీదుగా పరుగిడి చెడ్డగోడను గూడ మంచిదని చూపును. కావున ముందుగా కమ్ములెక్కడ నున్నవో తెలిసికొనవలెను.

ప్రతిధ్వని పద్ధతి

పై పద్ధతికి గోడ రెండు ప్రక్కలను కావలెను. ఒక్క ప్రక్కయే దొరికినపుడు? దిగుడుబావి గట్టుమీద నిలిచి కేకవేసినచో ఆ కేక తిరిగివచ్చును. ఆ న్యాయమే యిచటను వాడబడినది. 1980వ దశకమున అమెరికా జాతీయ ప్రమాణాలయమునందు మేరీ సాన్సలోన్, నికొలస్ కరీనో అనువారు ఈ మార్గమును శాస్త్రీయముగా స్థాపించిరి. దీనికి ‘ఇంపాక్ట్ ఎకో’ యని పేరు. చిన్న ఉక్కుగుండుతో గోడను తట్టుదురు. పుట్టిన అల లోనికి బోయి, ఆవలి ముఖమును దాకి తిరిగివచ్చి, మరల పోయి, ఇట్లు పలుమారు ఊగిసలాడును. తట్టినచోటికి ప్రక్కన నుంచిన గ్రాహకము సెకనుకు ఎన్ని మారులు ఆ యల వచ్చిపోవుచున్నదో పట్టును.

గోడ మందము 1 మీటరు, వేగము 4000 మీటర్లు అనుకొనుడు. పోయివచ్చు దూరము 2 మీటర్లు. కావున అల సెకనుకు 2000 మారులు వచ్చిపోవును. గోడ లోపల 25 సెంటీమీటర్ల లోతున చీలిక యున్నదనుకొనుడు. చీలికలో గాలి యుండును. కాంక్రీటునుండి గాలిలోనికి ధ్వని దాదాపు చొరజాలదు. ఇంచుమించు అంతయు వెనుకకు మఱలును. పోయివచ్చు దూరము అరమీటరే గావున సెకనుకు 8000 మారులగును. ఈ భేదమును బట్టి చీలిక యున్నదని మాత్రమే గాక, ఎంత లోతున నున్నదియు గూడ తెలియును. చీలిక వెనుక నేమున్నదో మాత్రము ఈ పద్ధతి చెప్పజాలదు.

ఇటీవల పెక్కు చిన్న గ్రాహకములను వరుసలుగా నేర్చి, ఒక్కొక్కటి ధ్వని పుట్టింపగా తక్కినవి విని, ఆ లెక్కలన్నిటిని కంప్యూటరు కలిపి గోడ లోపలి చిత్రమును గీయునట్టి యంత్రములు వచ్చినవి. ఒక్క చెవికంటె పదుల చెవులు మేలు. ఒక్కని మాటలో తప్పు దొరలినను పలువురి మాటలు కలిపినచో సత్యము తేటపడును.

తక్కిన సాధనములు

రాడారు తరంగములను గోడలోనికి బంపుట ఇంకొక మార్గము. ఇనుము వానికి అద్దమువంటిది. కావున కమ్ముల స్థానమును చక్కగా జూపును. ఆ గుణమే దాని దోషమును నగుచున్నది. కమ్ములు దట్టముగా నున్నచో తరంగములన్నియు వానినుండియే మఱలివచ్చి వెనుకనున్నది కనబడదు. గోడ తడిగా నున్నను తరంగములు త్వరగా క్షీణించును.

కోబాల్టు 60 అను రేడియోధార్మిక పదార్థమునుండి వెలువడు గామా కిరణములతో ఛాయాచిత్రము తీయవచ్చును. కాని సుమారు 6 సెంటీమీటర్ల కాంక్రీటు ఆ కిరణములను సగమునకు తగ్గించును. ఇంకొక 6 సెంటీమీటర్లు మిగిలిన దానిలో సగము మ్రింగును. మీటరు మందమునకు ఇట్లు 16 మారులు సగము చేయవలెను. విద్యార్థులారా, లెక్కించి చూడుడు: ఆవలికి చేరునది 65,536లో ఒక్క వంతు! కావున ఈ పద్ధతి అరమీటరు మందము దాటినచో కష్టసాధ్యము. పైగా ఆ కిరణములు మనుష్యులకు హాని చేయునవి గనుక పరీక్షించు చోటునుండి జనులను దూరముగా తొలగింపవలసియుండును.

మనము తెచ్చుకొనకయే ఆకాశమునుండి వచ్చు కిరణములును గలవు. విశ్వకిరణములు వాయుమండలమును దాకినపుడు మ్యూయానులను కణములు పుట్టి, భూమిమీద చదరపు సెంటీమీటరునకు నిమిషమునకు సుమారు ఒక్కటి చొప్పున పడుచుండును. ఇవి ఎంతో మందమునైనను దాటిపోగలవు. జపానులో 2011లో ప్రమాదమున కెఱయైన ఫుకుషిమా మొదటి రియాక్టరు లోపల ఇంధనము స్వస్థానమున లేదని 2015లో ఈ కణముల సాయముననే కనుగొనిరి. అచ్చటికి మనుష్యుడు పోజాలడు. కణములు మాత్రము పోయి వార్త తెచ్చినవి. అయితే ఈ పద్ధతికి వారములు, నెలలు కనిపెట్టుకొని యుండవలెను.

గోడ దాచిన రహస్యములు

ఈ పరీక్షలు ఎందులకు ప్రాణప్రదములో ఒక యథార్థకథవలన తెలియును. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున క్రిస్టల్ రివర్ అను అణువిద్యుత్కేంద్రము 1977 నుండి పనిచేయుచుండెను. దాని మూడవ విభాగమునందలి రియాక్టరును చుట్టిన గోడ మందము 42 అంగుళములు, అనగా ఒక మీటరుకు కొంచెము పైన. అందు ఉక్కుతీగలకట్టలను బిగించి లాగి యుంచిరి. అట్లు బిగించుటచే గోడ ఎల్లప్పుడును నొక్కబడి బలముగా నుండును. 2009లో లోపలి ఆవిరియంత్రములను మార్చుటకై, అవి పట్టునంత పెద్ద ద్వారము గోడకు తెఱువవలసివచ్చెను. ఆ యేడు అక్టోబరులో తీగలను సడలించి కాంక్రీటును తొలగించుచుండగా ఆ కోతముఖమున నొక సన్నని చీర కనబడెను. వెలుపలి ముఖమునుండి సుమారు 10 అంగుళముల లోతున, అడ్డతీగలు పోవు గొట్టముల వరుసలోనే, గోడ రెండు పొరలుగా చీలియుండెను. వెలుపల నిలిచి చూచువారికి దాని జాడయే లేదు.

ఆ చీలిక ఎంతవఱకు వ్యాపించినది? గోడనంతయు త్రవ్వి చూచుట యసాధ్యము. కావున సుత్తిదెబ్బ బలమును, ఆ దెబ్బకు గోడ ఎంత కదలునో ఆ కదలికను ఏకకాలమున కొలుచు పద్ధతితో గోడను గళ్లుగా విభజించి పరీక్షించిరి. చీలిన పొర పలుచని పలకవలె ఎక్కువ కదలును. అఖండమైన గోడ తక్కువ కదలును. ఇట్లు చీలిక పటమును గీసి, ఆ పటము నిజమగునో కాదో తెలిసికొనుటకు అక్కడక్కడ గుండ్రని ముక్కలు తొలిచి తీసి సరిచూచిరి. చెడిన భాగమును తొలగించి, క్రొత్త కమ్ములు పెట్టి తిరిగి పోసిరి. 2011 మార్చిలో తీగలను మరల బిగించుచు చివరిదశకు వచ్చునప్పటికి గోడ వేఱొక భాగమున చీలెను. 2013 ఫిబ్రవరిలో యజమానులు ఆ కేంద్రమును శాశ్వతముగా మూసివేయ నిశ్చయించిరి. 2009 సెప్టెంబరు తరువాత అది మఱి విద్యుత్తు నీయలేదు.

ఒహాయో రాష్ట్రమునందలి డేవిస్ బెస్సీ కేంద్రమున 2011 అక్టోబరులో ఇట్లే ద్వారము తెఱచునపుడు వెలుపలి కమ్ముల వరుస దగ్గఱ పగుళ్లు బయటపడినవి. విచారింపగా, 1978 నాటి గొప్ప మంచుతుపానులో, రక్షకలేపనము లేని గోడలోనికి తేమ చొచ్చి గడ్డకట్టుట కారణమని తేల్చిరి. అనగా ఆ పగుళ్లు మూడు దశాబ్దములకు పైగా ఎవరికిని తెలియక గోడలో దాగియుండెను. మఱుసటి యేడు ఆ గోడకు లేపనము పూసిరి.

మన దేశమున కర్ణాటకమునందలి కైగా కేంద్రమున 1994 మే 13వ తేదీన, కట్టుచున్న మొదటి విభాగపు లోపలి గుమ్మటమునుండి అడుగుపొర విడివడి కూలెను. ఆ విభాగము తిరిగి కట్టబడి 2000వ సంవత్సరమున విద్యుదుత్పత్తి ప్రారంభించెను. వంపు గల మందపు కట్టడములో తీగలు బిగించినపుడు పొరలు ఒకదానినుండి యొకటి విడిపోవు ప్రమాదము గలదని ఈ సంఘటనవలనను, క్రిస్టల్ రివర్ వలనను ఇంజనీర్లు గ్రహించిరి.

ఈ కథలలో గమనింపదగిన దొక్కటి గలదు. మూడింటను లోపమును మొదట కనుగొన్నది పరీక్షాయంత్రము కాదు. రెండుచోట్ల వేఱు పనికై గోడను కోయుటవలన అది బయటపడెను. ఒకచోట కాంక్రీటే కూలి చాటెను. కనుగొనిన పిమ్మట దాని మేర తెలిపినది యంత్రము. యంత్రము ఎంత గొప్పదైనను, ఎచ్చట వినవలెనని మనుష్యునికి తోచినచోటనే అది వినును. అనుమానము లేనిచోట పరీక్ష లేదు. పరీక్ష లేనిచోట లోపము నిశ్చింతగా పెరుగును.

పరీక్షకుని ధర్మము

ఏ యొక్క పద్ధతియు సంపూర్ణము కాదని ఇంతకుముందే తెలిసినది. కావున అనుభవజ్ఞులు రెండు మూడు పద్ధతులను కలిపి వాడుదురు. రాడారుతో కమ్ముల స్థానము నెఱిగి, కమ్ములకు ఎడముగా ప్రతిధ్వని పరీక్ష చేసి, సందేహము మిగిలినచోట మాత్రము చిన్న ముక్కను తొలిచి తీసి కన్నులార చూతురు. న్యాయస్థానమున ఒక్క సాక్షి మాటకంటె పలువురి మాట కలిసినచో బలమెక్కువ గదా!

పరీక్షకులకు శిక్షణ యిచ్చుటకై పరిశోధనాలయములందు దళసరి గోడలను కట్టి, వానిలో తెలిసియే లోపములను పోలిన వస్తువులను పాతిపెట్టుదురు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు సుమారు మీటరు మందము గల గోడను ఇట్లు సిద్ధముచేసి పెక్కు పద్ధతులను దానిమీద పోల్చి చూచిరి. గురువునకు జవాబు ముందే తెలిసిన లెక్కను శిష్యునికిచ్చి పరీక్షించుటవంటి దిది. లేని లోపమును ఉన్నదని చెప్పిన యంత్రమేది, ఉన్నదానిని విడిచినదేది అని అచ్చట తేలిపోవును.

మంచి పరీక్షకుడు తన నివేదికలో ‘ఇచ్చట లోపము లేదు’ అని వ్రాయుటకు తొందరపడడు. ‘ఇంత లోతువఱకు, ఇంత పరిమాణమునకు మించిన లోపము ఈ పద్ధతికి కనబడలేదు, ఈ భాగమును చేరవీలుగాక పరీక్షింపలేదు’ అని వ్రాయును. రెండవ వాక్యము చదువుటకు ఇంపుగా నుండదు. అయినను ఆ గోడ నీడను నిదురించువారికి మేలుచేయునది అదియే.

ఇండ్లవారికిని విద్యార్థులకును

మన యిండ్ల స్లాబులు మీటరు మందము కావు గాని ధర్మము ఒక్కటే. పైకప్పు అడుగున కమ్ము వెంబడి పొడవుగా చీర కనబడుట, తుప్పువన్నె మరక దిగుట, పెచ్చులూడుట, కఱ్ఱతో తట్టినపుడు డొల్లగా మ్రోగుట, ఇవి లోపలి కమ్మి త్రుప్పుపట్టినదని తెలుపు గుర్తులు. తీరప్రాంతములందు ఇవి త్వరగా వచ్చును. అట్టి చోట పైన సున్నమో రంగో వేసి మరకను కప్పుట తగదు. అట్లు చేయుట గోడను బాగుచేయుట కాదు. గోడ చెప్పుచున్న మాటను మూయుట. ఆ భాగము క్రింద పిల్లలను పండుకొననీయక, తెలిసిన ఇంజనీరును పిలిపించి చూపవలెను. నీటిట్యాంకుల స్తంభములను, సన్‌షేడులను ఏటేట వానకాలమునకు ముందు ఒకమారు చూచుకొనుట మంచిది.

విద్యార్థులు చేయదగిన ప్రయోగ మొకటి చెప్పెదము. గచ్చుమీద పఱచిన పలకలను చిన్న చెంచాతో ఒక్కొక్కటిగా తట్టి వినుడు. క్రింద సిమెంటు సరిగా పట్టని పలక ధ్వని మాఱును. సుద్దముక్కతో దానిమీద గుర్తు పెట్టి, గది పటమును కాగితముమీద గీసి, డొల్లపలకల గళ్లను నింపుడు. పిమ్మట వేఱొక విద్యార్థిచేత, మీ పటమును చూపకయే, మరల తట్టించి రెండవ పటము గీయించుడు. రెండు పటములును ఎంతవఱకు కలియునో చూచినచో పరీక్షను ఎంతవఱకు నమ్మవచ్చునో మీకే తెలియును. ఇంట చేతిఫోనున్నవారు ధ్వని కంపనములను చూపు సాధనముతో చెవి చెప్పినదానిని సరిచూడవచ్చును. అణుకేంద్రపు గోడమీద ఇంజనీర్లు చేయు పనికిని ఈ పనికిని భేదము సాధనములందే గాని పద్ధతియందు లేదు.

భౌతికశాస్త్రమున ధ్వనివేగము, పరావర్తనము, తరంగదైర్ఘ్యము అను పాఠములను పరీక్షలకు మాత్రమే పనికివచ్చునవి యని కొందఱు విద్యార్థులు తలంచుచుందురు. ఆ పాఠములను శ్రద్ధగా నేర్చిన యొక బాలుడో బాలికయో రేపు ఒక వంతెన స్తంభముచెంత చెవియొగ్గి నిలుచుండి, ‘ఇచ్చట గోడ చీలియున్నది, బండ్లను ఆపుడు’ అని చెప్పవలసిరావచ్చును. ఆ నాడు వారి మాట సరియైనదిగా నుండుటకు ఇప్పటి లెక్కలు ఇప్పుడే సరిగా చేయవలెను.